రెండో పేరా

పొద్దున్న ఎనిమిదీ నలభైకి అక్కయ్య తన కుర్చీలోనే చనిపోయి ఉంది. ఎదురుగా ఉన్న కప్పులో సగం టీ మిగిలింది. తాగిన సగంలోని విషం తన పని తాను చేసుకుపోయింది.

డిపార్ట్‌మెంటులో అందరికీ ఆమె అక్కయ్యే, రేపో మాపో రిటైరవబోయే పెద్దాయనకి కూడా. బయట బోర్డు మీద వాతావరణ కార్యాలయం అని ఉంటుంది. ముందు హాల్లో ఆరుగురు ఉద్యోగులు నిజంగానే వాన లెక్కలు రాసుకుంటూ ఉంటారు. వాళ్ళ వెనక తలుపు తీస్తే ఒక ఇరుకు గది, అందులో ఒక టెర్మినల్. దానికి తెర లేదు. కొట్టిన ప్రతి అక్షరం, మెషీన్ చెప్పే ప్రతి జవాబు కాగితం చుట్ట మీద అచ్చవుతుంది. నది అవతలి ఒడ్డున పనిచేసే ఏజెంట్లకి పదకొండేళ్ళుగా వెళ్ళిన ప్రతి మెయిలూ ఆ గదిలోంచి, అక్కయ్య చేతుల మీదుగానే వెళ్ళింది.

ఆమె అరచేతి కింద ఒక చీటీ దొరికింది. గీతలు గీతలుగా మూడే ముక్కలు: "లైన్ వాళ్ళు వింటున్నారు. పన్నెండు గంటల పడవ. రేవులో ఇద్దరు."

ఆ చీటీ చదివి గుమాస్తా గోడకి చేరగిలబడ్డాడు. అతను నిజం గుమాస్తా కాడు. ఇరవై రెండేళ్ళ సర్వీసున్న సీక్రెట్ ఏజెంటు. కాకపోతే సరంగు వేషం వేసినా, షావుకారు వేషం వేసినా, ఒకసారి పెద్దాయన బతిమాలితే పహిల్వాను వేషం వేసినా, చూసినవాళ్ళు మాత్రం "గుమాస్తాగారూ, సెక్షన్ ఎక్కడండీ?" అని అడిగేవారు. ఆ పేరు అలా స్థిరపడిపోయింది.

అలా చేరగిలబడటానికి కారణం అక్కయ్య చావు ఒక్కటే కాదు. పన్నెండు గంటల పడవలో రావలసినవాడు అతని సొంత తమ్ముడు.

పెద్దాయన తలుపు వేసి, శవం పక్కనే నిలబడి బ్రీఫింగ్ ఇచ్చాడు. తమ్ముడు సర్వేయరు వేషంలో నాలుగు నెలలు అవతలి ఒడ్డున ఉండి విదేశీ ముఠా మనుషుల జాబితా మొత్తం సంపాదించాడు. దాన్ని తీసుకుని ఇవాళ రావాలి. ముఠాకి ఈ సంగతి తెలిసిపోయింది, అక్కయ్య టీలో విషం కలిపించిందీ వాళ్ళే అయ్యుండాలి. వాడు పడవ దిగుతూ చెక్క పలక మీద కాలు పెట్టగానే కాల్చి, జాబితా లాక్కుపోతారు. ఆ ఇద్దరూ ఎవరో తెలియదు. రేవులో పగటిపూట మూడు వందల మంది ఉంటారు, మనవాళ్ళు ఎంత లెక్కపెట్టినా ముగ్గురే. ఫోన్ చేద్దామంటే టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో సగం మంది ముఠా మనుషులు. మిగిలింది మెయిల్ ఒక్కటే, ముఠా లైన్ విన్నా మన అంకెల కోడ్ మాత్రం వాళ్ళకి రాదు. తమ్ముడు పదింటికోసారి, పదకొండున్నరకోసారి చూసుకుంటాడు. పదకొండూ నలభైకి పడవ బయల్దేరుతుంది.

మెయిల్ పంపకుండా ఊరుకుంటే ఏమవుతుందని గుమాస్తా అడిగాడు. ఊరుకుంటే వాడు ఉన్నచోటే ఉంటాడు, అది రూలు. కానీ ఎక్కువసేపు ఒకేచోట ఉండటమూ మంచిది కాదు, పడవ మానేసి రోడ్డు దారిన రమ్మని చెప్పడమే క్షేమం అని పెద్దాయన ఉద్దేశం.

"ఇది నడపడం నీకు వచ్చా?" అని అడిగాడు టెర్మినల్ వైపు చూపిస్తూ.

"అక్కయ్య నడుపుతుంటే చూశాను సార్."

ఈత కొడుతుంటే చూసినవాడికి ఈత వచ్చినంత మాత్రమే వచ్చునన్నమాట. కానీ ఆ పూటకి అంతకన్నా వచ్చినవాడు లేడు.

ఆ మెయిల్ ప్రోగ్రాముని అక్కయ్య పంతులు అనేది. బొమ్మలు లేవు, రంగులు లేవు, మీటలు లేవు. బడిపంతుల్లా ఒక్కో ప్రశ్న వేస్తుంది, జవాబు చెప్పి ఎంటర్ కొట్టాలి. కొట్టాక వెనక్కి వెళ్ళి దిద్దుకోవడం ఉండదు. ఎవరికి, అని అడిగింది. గుమాస్తా తమ్ముడి అడ్రసు కొట్టాడు. విషయం ఏమిటి, అని అడిగింది. 'క్షేమం' అన్నాడు. ఆ తర్వాత పంతులు నోరు మూసుకుని, ఇక నీ ఇష్టం వచ్చినంత రాసుకో అన్నట్టు ఊరుకుంది.

గుమాస్తా డిపార్ట్‌మెంటు పద్ధతి ప్రకారం రాశాడు. ఆ పద్ధతి మోర్స్ కొట్టే కాలం నాటిది. మొదటి పేరాలో కుటుంబ క్షేమ సమాచారం. దాని కింద ఒక వరసలో ఒంటరిగా ఒక చుక్క. చుక్క తర్వాత రెండో పేరాలో, అంకెల కోడ్‌లో అసలు సంగతి. మొదటి పేరా ఒక్కటే వస్తే అంతా సవ్యంగా ఉంది, బయల్దేరు అని అర్థం. క్షేమ సమాచారం లేకపోయినా, రెండు పేరాల మధ్య చుక్క లేకపోయినా అది శత్రువు రాసిన దొంగ ఉత్తరం. దాన్ని లెక్క చెయ్యకుండా ముందటి అసలు ఉత్తరం ప్రకారమే నడుచుకోవాలి. ట్రైనింగ్ స్కూల్లో ఇది తప్పినవాణ్ణి మధ్యాహ్నం దాకా ఎండలో నిలబెట్టేవారు.

రెండు వేళ్ళతో, కీబోర్డు మీంచి కళ్ళెత్తకుండా, గుమాస్తా క్షేమ సమాచారం కొట్టాడు. చుక్క పెట్టాడు. తర్వాత పడవ వద్దని, రోడ్డు దారిన రమ్మని, ఏడు వరసల అంకెలు కొట్టాడు. ప్రతి వరసకీ మెషీన్ గరగరమని ఏదో జవాబు అచ్చువేస్తూనే ఉంది. అందింది అంటోంది కాబోలనుకున్నాడు. రూలు ప్రకారం కాగితం చింపి, చదవకుండా మడిచి, తగలబెట్టడానికి అగ్గిపెట్టె లేక జేబులో పెట్టుకున్నాడు. టైం తొమ్మిదీ యాభై. తమ్ముడు గండం గడిచి బయటపడ్డాడనుకుని అతనికి ఆ గదిలోనే కళ్ళనీళ్ళు వచ్చాయి.

పదకొండు గంటలకి రేవు ఎదురుగా ఉన్న కాఫీ హోటల్లో కూర్చుని, బయట తిరుగుతున్న మూడు వందల మందిలో ఆ ఇద్దరెవరా అని చూస్తున్నాడు. ఎదురు కుర్చీలో సెంటు వాసన వచ్చి కూర్చుంది. వెనకాలే నెమలి వచ్చింది.

నెమలి అతనితో కలిసి ట్రైనింగ్ అయిన మనిషి. ఆమె నడుచుకుంటూ వెళితే ట్రాఫిక్ పోలీసు కూడా చెయ్యి దించడం మర్చిపోతాడు. ఎనిమిదేళ్ళుగా ముఠాకీ డిపార్ట్‌మెంటుకీ ఇద్దరికీ పనిచేస్తోంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరికీ ఆమె అవసరమే. గోడ మీద పిల్లి అని పెద్దాయన తిడుతుంటాడు గానీ, ఆమె వస్తే కుర్చీ తనే లాగి వేస్తాడు.

ఆమె కోడ్ వర్డ్ అడిగింది. "ఈ పూట వాన పడుతుందా?"

"గొడుగు ఇంట్లో మర్చిపోయాను" అన్నాడతను.

తర్వాత ఆమె చాలాసేపు అతని ముఖంలోకి చూసింది. ఆ చూపులో ఎప్పుడూ ఉండే చిలిపితనం లేదు.

"నేను రెండు చేతులతోనూ తింటాను, కాదనను. కానీ సొంత తమ్ముణ్ణి అమ్ముకున్నవాణ్ణి ఇంతవరకూ చూడలేదు. ఒక్కసారి చూసిపోదామని వచ్చాను."

అతనికి అర్థం కాలేదు. ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టింది. ముఠా లైన్ మీంచి దొంగిలించిన మెయిల్ కాపీ అది. తమ్ముడికి అందింది ఇదే అంది. అందులో నాలుగు వరసలున్నాయి: ఇక్కడ అందరం క్షేమం, నీవు క్షేమమని తలుస్తాను, మోకాళ్ళ నొప్పి తగ్గింది, ఉంటాను. అంతే. రెండో పేరా లేదు.

గుమాస్తా జేబులోని కాగితం తీసి మొదటిసారి చదివాడు. నాలుగు వరసల క్షేమ సమాచారం ఉంది. దాని కింద చుక్క ఉంది. చుక్క కింద మెషీన్ వేసిన ఒక్క ముక్క: ఉత్తరం పంపబడింది. ఆ తర్వాత అతను కొట్టిన ఏడు వరసల అంకెలూ ఉన్నాయి. ఒక్కో వరస కిందా మెషీన్ ఓపిగ్గా, మర్యాదగా ఒకే జవాబు రాసింది: ఇలాంటి ఆజ్ఞ నాకు తెలియదు.

ఒక వరసలో ఒంటరిగా చుక్క కనిపిస్తే, రాసేవాడు ముగించాడని ఆ పంతులు లెక్క. చుక్క తగలగానే కవరు అంటించేసి పంపేసింది. అక్కయ్య ఏ కిటుకుతో ఆ చుక్కని దాని చేత మింగించేదో, ఆ కిటుకు ఆమెతోనే పోయింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, సరిగ్గా అదే జరిగింది. నోరు మూసుకుని కూర్చున్నా తమ్ముడు ఉన్నచోటే ఉండి బతికేవాడు. వాణ్ణి పేరు పెట్టి పిలిచి తుపాకుల ముందుకి రమ్మన్నది అన్నే.

నెమలి ఆ కాగితం లాక్కుని చదివింది. చదివి, మారిన గొంతుతో చెప్పవలసింది త్వరత్వరగా చెప్పింది. తమ్ముడు బయల్దేరుతున్నాడని ముఠా సంబరపడుతోంది. వాడి మనసు మార్చే ఉత్తరం మరొకటి వెళ్ళకుండా, టెర్మినల్ పగలగొట్టడానికి ఒక మనిషిని ఎలక్ట్రీషియన్ వేషంలో పంపారు. వాడు బయల్దేరి అయిదు నిమిషాలైంది.

"పరిగెత్తు. నిన్ను నేను చూడలేదు" అంది.

టైం పదకొండూ పది. గుమాస్తా పరిగెత్తాడు. యాభై దాటిన మనిషి, బొజ్జ ఉన్న మనిషి, మోకాళ్ళ నొప్పి తగ్గిందని పొద్దున్నే అబద్ధం రాసిన మనిషి. దారిలో రెండుసార్లు పడ్డాడు. ఊపిరి అందక ఒక దీపస్తంభాన్ని కావలించుకున్నప్పుడు, ఇక్కడే ఆగిపోతే బాగుండునని కూడా అనిపించింది. చిన్నప్పుడు తమ్ముణ్ణి వీపున మోసుకుని నడిచినప్పుడు కూడా ఇంత బరువనిపించలేదు.

పరిగెత్తుతూనే ఏం రాయాలో వెతుక్కున్నాడు. చుక్క పెడితే పంతులు అక్కడే కోసేస్తుంది. చుక్క పెట్టకుండా రెండో పేరా రాస్తే దొంగ ఉత్తరమని తమ్ముడు పక్కన పడేస్తాడు. ప్రమాదం, రాకు అని తిన్నగా రాస్తే లైన్ మీద ముఠా చదివేసి, అవతలి ఒడ్డునే వాణ్ణి చంపేస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మిగిలింది మొదటి పేరా ఒక్కటే. అది చదివితే ముఠాకి ఇంటి గొడవలా కనిపించాలి, తమ్ముడికి మాత్రం రాసింది అన్నేనని తెలియాలి, వాడు పడవ ఎక్కకూడదు. అలాంటి మాట ప్రపంచంలో ఒక్కటే ఉంది. దాన్ని అతను పద్ధెనిమిదేళ్ళుగా ఎవరికీ, పెద్దాయనకి కూడా చెప్పకుండా దాచాడు.

మూడో అంతస్తు మెట్లెక్కేసరికి పదకొండూ ఇరవై నాలుగు. హాలు గుమ్మంలో బరువైన పనిముట్ల సంచీతో ఒక దిట్టమైన మనిషి నిలబడి ఉన్నాడు. వెనక గదిలో కరెంటు పని ఉందని వాన లెక్కల ఉద్యోగితో చెబుతున్నాడు. గుమాస్తా దగ్గర తుపాకీ లేదు. ఉన్నా, ఎత్తే ఓపిక లేదు. ఇరవై రెండేళ్ళుగా అతన్ని వెక్కిరించిన ముఖం ఒక్కటే ఉంది. జుట్టు సవరించుకుని, బల్ల మీంచి ఒక ఫారం తీసి ఆ మనిషి ముందు పెట్టాడు.

"వర్క్ ఆర్డర్ లేకుండా లోపలికి పంపరండీ. ఇది నింపండి. మూడు కాపీలు. నేను లోపల సంతకం చేయించుకొస్తాను."

ముఠా మనిషి అతన్ని ఎగాదిగా చూశాడు. పుట్టుకతోనే గుమాస్తాగా పుట్టినవాడు ఎదురుగా కనిపించాడు. కింద గేటు దగ్గర ఇద్దరు పోలీసులున్నారు, హాల్లో ఆరుగురు ఉద్యోగులున్నారు, గొడవ చేస్తే పని చెడుతుంది. విసుక్కుంటూ పెన్ను అడిగాడు. గుమాస్తా తన పెన్ను ఇచ్చాడు. అది సరిగా రాయదని అతనికి తెలుసు.

లోపల అక్కయ్యని అప్పటికే తీసుకెళ్ళిపోయారు. ఆమె కుర్చీలో కూర్చున్నాడు. ఎవరికి, అని పంతులు అడిగింది. కొట్టాడు. విషయం ఏమిటి, అని అడిగింది. 'నీ ఉత్తరం' అని కొట్టాడు. తర్వాత పంతులు ఎప్పట్లాగే మౌనం పట్టింది. గడియారంలో పదకొండూ ఇరవై ఆరు.

ఇక్కడ అందరం క్షేమం, నేను తప్ప, అని మొదలుపెట్టాడు. నీకు పంతొమ్మిదో ఏట సర్వే కాలేజీలో సీటు వచ్చింది. ఆ ఉత్తరం సంతకం పెట్టి తీసుకున్నది నేను. నీకు ఇవ్వలేదు. నువ్వు వెళ్ళిపోతే అమ్మ దగ్గర నేనుండాలి, నా ఉద్యోగం పోతుంది, అందుకని పొయ్యిలో పెట్టాను. సీటు రాలేదని నువ్వు మూడు రోజులు భోజనం మానేస్తే పక్కన కూర్చుని ఓదార్చాను. తర్వాత నా వెంటే ఈ ఉద్యోగంలోకి తెచ్చాను.

ఇంతవరకూ కొట్టేసరికి అక్షరాలు కనిపించడం మానేశాయి. నిజం సర్వేయరు కావలసినవాడు దొంగ సర్వేయరు వేషంలో, చంకలో చావుని పెట్టుకుని తిరుగుతున్నాడు. దానికి ముఠా కారణం కాదు. చేతి వెనకతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ కొట్టాడు: ఇవాళ నీకు నా ముఖం చూపించలేను. పడవ ఎక్కకు. ఇవాళ్టికి రాకు. అన్న.

అప్పుడు తట్టింది అతనికి అసలు భయం. మొదటి పేరా ఒక్కటే వస్తే బయల్దేరమని డిపార్ట్‌మెంటు రూలు. ఆ పేరాలో రావద్దని అన్న మాట. తమ్ముడు దేన్ని వింటాడు? అసలిది చదివాక, అన్న పీక పిసకడానికైనా ఈ పడవే ఎక్కుతాడేమో. నేనైతే ఎక్కుతాను అనుకున్నాడు. కానీ మార్చడానికి టైం లేదు, వెనక్కి వెళ్ళి దిద్దనివ్వడానికి పంతులు ఒప్పుకోదు.

తలుపు ధడాలున తెరుచుకుంది. ముఠా మనిషి ఫారం మూడో కాపీలో 'తండ్రి పేరు' దగ్గర అనుమానం వచ్చి లేచాడు. చేతిలో సుత్తి ఉంది. గుమాస్తా వెనక్కి తిరగలేదు. కొత్త వరసలో చుక్క కొట్టాడు. సుత్తి పైకి లేచిన నీడ కాగితం మీద పడింది. ఎంటర్ కొట్టాడు. అదే క్షణంలో సుత్తి దిగింది. టెర్మినల్‌తో పాటు అతని చూపుడు వేలూ నుజ్జయింది. కాగితం సగంలో ఆగిపోయింది. పంపబడింది అన్న ముక్క అచ్చు కాలేదు.

హాల్లోంచి వాన లెక్కల ఉద్యోగులు పరిగెత్తుకొచ్చి, సంతకం పెట్టకుండా లోపలికి వచ్చాడన్న కోపంతో ముఠా మనిషిని నేలకేసి అదిమిపట్టారు. ఆరుగురికీ అది మొదటి యుద్ధం, బాగా చేశారు. గుమాస్తా మాత్రం విరిగిన మెషీన్ ముందు కూర్చుని, పంపావా, ఒక్క మాట చెప్పు, పంపావా అని దాన్ని అడుగుతూ ఉండిపోయాడు. అతన్ని భుజం పట్టి లేవదీసి రేవుకి తీసుకెళ్ళడానికి పెద్దాయనే రావలసి వచ్చింది.

పన్నెండూ పదికి పడవ వచ్చింది. తాళ్ళు కట్టారు, పలక వేశారు. గుమాస్తా గుడ్డ చుట్టిన చేత్తో కటకటాల్ని పట్టుకుని నిలబడ్డాడు. మొదట సైకిళ్ళవాళ్ళు దిగారు. ఒక తల్లి, ఇద్దరు పిల్లలు. పెట్టెలు మోసేవాళ్ళు. తమ్ముడంత పొడుగాటి మనిషి దిగినప్పుడల్లా మునివేళ్ళ మీద లేచి చూశాడు, కాదని తెలిశాక కిందికి దిగాడు. ఒకడు సర్వేయర్ల ముక్కాలి పీట భుజాన వేసుకుని పలక మీదికి వచ్చాడు. గుమాస్తా కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. తుపాకీ మోగలేదు. కళ్ళు తెరిస్తే ఆ మనిషి ఎవరో బట్టతల ముసలాయన. అది పీట కూడా కాదు, పువ్వుల కుండీ పెట్టుకునే స్టాండు.

ఆఖరి ప్రయాణికుడు దిగాడు. పడవ సరంగు పలక లాగేశాడు. తమ్ముడు రాలేదు.

రేవు ఖాళీ అయింది. మూడు వందల మందీ ఎవరి దారిన వాళ్ళు పోయారు. ఎండలో రెయిన్‌కోట్లు వేసుకున్న ఇద్దరు మాత్రం ఇంకా ఖాళీ పడవ వైపే చూస్తూ నిలబడి ఉన్నారు. మొదటి పేరా ఒక్కటే వచ్చింది కాబట్టి వాడు తప్పకుండా వస్తాడని, రూలంటే రూలేనని నెమలి వాళ్ళకి ఒట్టేసి మరీ చెప్పిందట. అది పొరపాటో, దయో ఆమెకే తెలియాలి. పెద్దాయన ముగ్గురు మనుషులతో వెళ్ళి ఆ ఇద్దరి భుజాల మీదా చేతులు వేశాడు. గుమాస్తా అక్కడే నేల మీద కూలబడి, చుట్టూ ఎవరున్నారని కూడా చూడకుండా ఏడ్చాడు.

నాలుగింటికి స్టోర్‌రూంలోని పాత టెర్మినల్ తెచ్చి తగిలించారు. తమ్ముడి మెయిల్ అప్పటికే వచ్చి ఎదురుచూస్తోంది. మెషీన్ గరగరమని అచ్చువేసింది. పెద్దాయన కాగితం చింపి పైకి చదివాడు.

"జాబితా భద్రం. నీ ఉత్తరం అందింది. మూడుసార్లు చదివాను. రేపు పన్నెండు గంటల పడవకి వస్తున్నాను. రేవులో నువ్వొక్కడివే ఉండు."

చదివి, కనుబొమలు ముడిచాడు. క్షేమ సమాచారం ఒక్క ముక్క కూడా లేదు, ఇది దొంగ ఉత్తరమేమో అన్నాడు.

"కాదు సార్" అన్నాడు గుమాస్తా. "వాడు నాకు రాసిన మొదటి అసలు ఉత్తరం ఇదే."

ఆ కాగితం తీసుకుని, రూలుకి విరుద్ధంగా మడిచి జేబులో పెట్టుకున్నాడు.  తర్వాత తనకి రేపు పొద్దున్నే ఎక్కడికైనా దూరంగా, ప్రాణాపాయం ఉన్న పని ఏదైనా ఇప్పించమని పెద్దాయన్ని వేడుకున్నాడు.

పెద్దాయన ఫైళ్ళన్నీ తిరగేసి చూశాడు.

"పన్నెండు గంటల పడవని మించి ప్రమాదమైనది ప్రస్తుతం డిపార్ట్‌మెంటులో ఏదీ లేదు. వెళ్ళి నిలబడు."